నేల తాగగా మిగిలిందే వరద

రేగడి పొలాల కింద ఉన్న ఒక ఊరి కుంటను తీసుకుందాం. జూన్ మొదట్లో ఒక రాత్రి 50 మిల్లీమీటర్ల వాన కొడుతుంది. తెల్లారి వెళ్లి చూస్తే కుంటలో మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు. సెప్టెంబరులో అదే 50 మిల్లీమీటర్లు పడితే కుంట నిండి మత్తడి దుంకుతుంది. వర్షపాతం రికార్డులో రెండు రోజులకూ ఒకటే అంకె. నీళ్ల లెక్కలో మాత్రం ఆ రెండు వానలకూ పొంతనే లేదు.

చిన్ననీటి పారుదల శాఖలో ఇంజినీరుగా నా ఉద్యోగంలో ఎక్కువ భాగం వికారాబాద్, పరిగి, తాండూరు ప్రాంతాల చెరువులు, కుంటల మీదే గడిచింది. ఊరేదైనా కట్ట మీద అడుగు పెట్టగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "సారూ, గింత వాన కొట్టినా చెర్ల నీళ్లెందుకు రాలే?" కొందరు తూము కారుతోందంటారు. ఇంకొందరు పైఊరి వాళ్లు కాలువ మళ్లించారంటారు. అవీ ఉండొచ్చు. కానీ చాలాసార్లు జవాబు చెరువు పైనున్న పొలాల మట్టిలో ఉంటుంది. ఆ మట్టి ఏ రకం? వాన మొదలయ్యేసరికి అది ఎంత తడిగా ఉంది? ఈ రెండూ తెలియకుండా వాన అంకె ఒక్కటీ పట్టుకుని చెరువు గురించి ఏమీ చెప్పలేం. ఊళ్లో ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలియాలని నా కోరిక. ఎందుకంటే చెరువు కట్ట భద్రత, పంట కుంట ఖర్చు, బోరులో ఊట అన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

చిన్న పరీవాహకంలో పెత్తనం మట్టిదే

ఎంత మేర నేల మీద పడిన వాన చివరికి ఒకే కుంటలోకో ఒకే వాగులోకో చేరుతుందో, ఆ నేలంతా దాని పరీవాహక ప్రాంతం. వాటర్‌షెడ్ అన్నా అదే. 1994లో సి.హెచ్. హనుమంతరావు కమిటీ సిఫార్సుల మీద వచ్చిన మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్లను ఒక వాటర్‌షెడ్ పనికి ప్రమాణంగా పెట్టాయి.

కృష్ణా, గోదావరి లాంటి నదుల కింద లక్షల చదరపు కిలోమీటర్ల నేల ఉంటుంది. అక్కడ ఒకచోట నేల ఎక్కువ తాగితే ఇంకోచోట తక్కువ తాగుతుంది. అన్నీ కలిసి సర్దుకుంటాయి. 500 హెక్టార్లలో ఆ సర్దుబాటు ఉండదు. ఒకే మబ్బు మొత్తం పొలం మీద కురుస్తుంది. మట్టి కూడా ఒకటో రెండో రకాలే ఉంటాయి. పైగట్టున పడిన నీరు గంటా రెండు గంటల్లో కుంటకు చేరుతుంది. అందుకే మట్టి గుణం ఉన్నదున్నట్టు బయటపడేది చిన్న పరీవాహకంలోనే.

వికారాబాద్ జిల్లా తిరిగినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. మూసీ పుట్టిన అనంతగిరి గుట్టల మీద గులకతో కూడిన జేగురు రంగు లాటరైట్ నేలలున్నాయి. కిందికి దిగి పరిగి వైపు వెళ్తే ఎర్ర చెలకలు. తాండూరు వైపు సాగితే నల్లరేగడి. ఒకే రోజు ఈ మూడింటి మీదా సమానంగా వాన పడినా మూడుచోట్ల వాగులు మూడు రకాలుగా పారతాయి.

నేల ఎలా తాగుతుంది

మట్టి రేణువుల మధ్య సందులుంటాయి. ఇసుకలో అవి పెద్దవి, బంకమట్టిలో కంటికి ఆననంత చిన్నవి. ఆ సందుల్లోకి నీటిని దింపేవి రెండు బలాలు. ఒకటి భూమ్యాకర్షణ. రెండోది ఎండిన మట్టికి నీటిని లాక్కునే గుణం. మట్టి ఎంత ఎండితే లాగుడు అంత గట్టిగా ఉంటుంది. అందుకే వాన మొదలైన కొత్తలో నేల ఆబగా తాగుతుంది. పైపొర తడిసేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది, తాగే వేగం పడిపోతుంది, చివరికి ఒక నిలకడ వేగం దగ్గర ఆగుతుంది. అమెరికా జలశాస్త్రవేత్త రాబర్ట్ హార్టన్ 1933లో ఈ ఇంకుడు వేగాన్నే వరద లెక్కకు పునాదిగా నిలబెట్టాడు.

ఆ నిలకడ వేగం ఇసుక నేలల్లో గంటకు 30 మి.మీ. దాటుతుంది. గరప నేలల్లో 10 నుంచి 20 మి.మీ., బంకమట్టిలో 1 నుంచి 5 మి.మీ. ఉంటుంది. మన దగ్గర ఉరుములతో కొట్టే వాన కాసేపైనా గంటకు 50, 60 మి.మీ. వేగాన్ని అందుకుంటుంది. నేల తాగే వేగం కన్నా వాన పడే వేగం ఎక్కువైతే మిగిలింది పారుతుంది. వరద పుట్టే మొదటి దారి ఇది.

రెండో దారి నేల నిండిపోవడం. లోతట్టు పొలం ముందే నీటితో నిండి ఉంటే మెల్లగా పడే ముసురు కూడా లోపలికి దిగదు, పైనే పారుతుంది. థామస్ డన్, రిచర్డ్ బ్లాక్ అనే పరిశోధకులు అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో ఒక చిన్న పరీవాహకంలో దీన్ని కొలిచి 1970లో ప్రకటించారు. మన మెట్ట పొలాల్లో ఎక్కువగా కనిపించేది మొదటి దారి. వాగు ఒడ్డు పొలాల్లో, నానిన రేగడిలో సెప్టెంబరు నాటికి రెండోదీ తోడవుతుంది.

రేగడి దూప

నేల తాగే వేగాన్ని కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. రెండు ఇనుప రింగులు చాలు. లోపలిది అడుగు వెడల్పు, బయటిది రెండడుగులు. చుట్టూ మట్టి కదలకుండా రెండింటినీ నేలలోకి దిగ్గొట్టి, నీళ్లు పోసి, లోపలి రింగులో స్కేలు పెట్టి మట్టం ఎంత దిగిందో గడియారం చూస్తూ రాసుకోవాలి. లోపలి నీరు పక్కలకు పోకుండా నిలువునా దిగడానికి బయటి రింగులో నీళ్లు కాపలా.

మే నెలలో తాండూరు వైపు ఒక రేగడి చేనులో ఈ రింగులు పెట్టాం. అరచెయ్యి నిలువుగా పట్టే నెర్రెలు విచ్చి ఉన్నాయి. బిందెతో పోసిన నీళ్లు పోసినట్టే మాయమయ్యాయి. స్కేలు మీద మట్టం చదివేలోపే అడుగు కనిపించేది. చేను గల పెద్దమ్మ గట్టు మీద కూర్చుని అంతా చూసి అన్నది: "రేగడికి దూప తీరేదాంక ఒక్క చుక్క బయటికి రాదు సారూ. దూప తీరినంక ఒక్క చుక్క లోపటికి పోదు."

ఆమె మాటకు అంకెలు పటాన్‌చెరులో ఉన్నాయి. 1972లో అక్కడ నెలకొల్పిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పొలాల్లో నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నాయి. కొలిచి చూస్తే మొదటి అరగంటలో రెండూ గంటకు 70 మి.మీ. పైచిలుకు వేగంతో తాగాయి. ఆరు రోజులు నీటిలో ఉంచాక ఎర్రనేల గంటకు 7, 8 మి.మీ. దగ్గర నిలబడింది. నల్లరేగడి 0.2 మి.మీ.కి పడిపోయింది. ఆ లెక్కన రోజంతా తాగినా 5 మి.మీ. దాటదు.

కారణం రేగడిలోని బంకమట్టి. మాంట్‌మోరిల్లొనైట్ జాతికి చెందిన ఈ ఖనిజం పలుచని పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. తొలకరి వాన పైపొరతో పని లేకుండా ఆ నెర్రెల గుండా నేరుగా లోతుకు దిగుతుంది. వానలు సాగి మట్టి ఉబ్బాక నెర్రెలు మూసుకుంటాయి, సందులు బిగుసుకుంటాయి. అక్కడి నుంచి పడిన వానలో ఎక్కువ భాగం వరదే.

లోపలికి చేరిన నీటిని మాత్రం రేగడి చాలాకాలం పట్టి ఉంచుతుంది. వానలు ఆగాక కూడా తాండూరు కంది నిలబడి పూతకు, కాతకు వచ్చేది ఆ నిల్వ మీదే. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కందిపప్పు వెనుక ఈ నేల గుణం ఉంది.

చెలక మీద పెచ్చు

ఎర్రనేల బాగా తాగుతుందని చాలామంది నమ్మకం. కొత్తగా దున్నిన చెలకలో అది నిజమే. ఒక గట్టి వాన పడ్డాక కథ మారుతుంది.

ఆరుద్ర కార్తెలో పెద్ద వాన వెలిసిన రెండో రోజు, ఇంకా పైరు కమ్మని చెలకలోకి వెళ్లి కొడవలి కొనతో పైమట్టి లేపి చూడండి. అప్పడమంత పలుచని గట్టి పెచ్చు ఊడి వస్తుంది. దాని పైభాగం నున్నగా, మెత్తని మట్టి పరిచినట్టు ఉంటుంది. పెచ్చు కింద కాస్త తడి, ఇంకా తవ్వితే పొడి మట్టి. అంత వాన పడినా లోపలికి దిగింది కొంతే. మిగిలింది ఆ పెచ్చు మీదుగా జారిపోయింది.

ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ. మట్టి గడ్డలను పట్టి ఉంచే జిగురు తక్కువ. చినుకు దెబ్బకు గడ్డ చిట్లి సన్నని రేణువులు విడిపోతాయి, అవి వెళ్లి సందుల్లో కూరుకుపోతాయి. ఆరాక పెచ్చు కడుతుంది. లోపల నేల ఎంత ఎండి ఉన్నా పైనున్న ఆ పెచ్చు తలుపు మూసేస్తుంది. ఎండిన నేల వానంతా తాగేస్తుందన్న సూత్రం ఇక్కడ వర్తించదు.

ఈ తేడా కుంటల్లో కనిపిస్తుంది. చెలక ఊళ్ల కుంటలకు తొలకరిలోనే ఎర్రనీళ్లు వస్తాయి. రేగడి ఊళ్ల కుంటలు పుబ్బ, ఉత్తర కార్తెల దాకా ఎదురుచూస్తాయి, నీళ్లు వస్తే మాత్రం ఒక్కసారిగా వస్తాయి. అనంతగిరి మీద గులక నేలకు అడవి ఆకు కప్పు తోడవడంతో చాలా నీరు లోపలికి దిగుతుంది, తర్వాత మెల్లగా ఊటగా బయటపడుతుంది.

స్ట్రేంజ్ పట్టిక

మా శాఖలో చిన్న చెరువుకు నీటి రాబడి అంచనా వేయాలంటే ముందుగా తీసేది స్ట్రేంజ్ పట్టిక. డబ్ల్యు.ఎల్. స్ట్రేంజ్ అనే ఇంజినీరు 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో తయారుచేసిన పట్టిక ఇది. ఒక రోజు వానకు ఎంత వరద వస్తుందో చెప్పేటప్పుడు అతను నేల స్థితికి మూడు గడులు పెట్టాడు: పొడి నేల, తేమ నేల, నానిన నేల.

ఒక అంగుళం, అంటే 25 మి.మీ. వాన పడితే పొడి నేల నుంచి అందులో 3 శాతమే పారుతుంది. తేమ నేల నుంచి 11 శాతం, నానిన నేల నుంచి 18 శాతం పారుతుంది. రెండంగుళాల వానకు ఈ అంకెలు 10, 22, 34 అవుతాయి. నాలుగంగుళాలకు 30, 50, 70. పరీవాహకం నీటిని బాగా పారించే రకమైతే వచ్చిన రాబడికి 25 శాతం వరకు కలుపుతారు, లేకపోతే అంత వరకు తీసేస్తారు.

దీన్ని లీటర్లలోకి మారుద్దాం. హెక్టారు మీద 1 మి.మీ. వాన పడితే 10,000 లీటర్లు. 100 హెక్టార్ల పరీవాహకం ఉన్న కుంట మీద రెండంగుళాల వాన, అంటే 51 మి.మీ. పడితే మొత్తం 5 కోట్ల 10 లక్షల లీటర్లు. నేల పొడిగా ఉంటే కుంటకు చేరేది 51 లక్షల లీటర్లు. తేమగా ఉంటే 1 కోటి 12 లక్షలు. నాని ఉంటే 1 కోటి 73 లక్షలు. వాన అదే, కుంట అదే, రాబడిలో తేడా మూడు రెట్లకు పైగా. కంప్యూటర్ల ఊసే లేని రోజుల్లో వేసిన ఈ లెక్కలోని తెలివిని ఇప్పటికీ గౌరవిస్తాను.

గడిచిన ఐదు రోజులు

స్ట్రేంజ్ గడుల్లో నేల పొడిగా ఉందా, నానిందా అన్నది చూసేవాడి అంచనా. 1950లలో అమెరికా భూసార పరిరక్షణ సంస్థ దీనికి ఒక కొలబద్ద ఇచ్చింది. కర్వ్ నంబర్ పద్ధతి అంటారు. ఇందులో నేలలు ఎ, బి, సి, డి అని నాలుగు గుంపులు. బాగా ఇంకే ఇసుక నేలలు ఎ. మన ఎర్ర గరప నేలలు బి. ఎరుపు, నలుపు కలిసినవి సి. లోతైన నల్లరేగడి డి. గుంపును, సాగు తీరును బట్టి నేలకు 100 లోపు ఒక అంకె ఇస్తారు. అంకె పెరిగేకొద్దీ వరద ఎక్కువ.

తర్వాత గడిచిన ఐదు రోజుల వాన చూస్తారు. పంట కాలంలో అది 36 మి.మీ. లోపుంటే పొడి స్థితి, 53 మి.మీ. దాటితే నానిన స్థితి, మధ్యలో ఉంటే నడిమి స్థితి. దాన్ని బట్టి అంకెను తగ్గిస్తారు, పెంచుతారు.

ఈ పద్ధతి మన దేశానికి వచ్చినప్పుడు నల్లరేగడికి ప్రత్యేకమైన సవరణ చేశారు. వరద మొదలయ్యేలోపు నేల మింగేసే వాటాను, దాని మొత్తం పట్టు సామర్థ్యంలో రేగడి పొడిగా ఉన్నప్పుడు 0.3 వంతుగా, తడిసినప్పుడు 0.1 వంతుగా తీసుకోమన్నారు. మిగతా నేలలకు ఎప్పుడైనా 0.3 వంతే. తాండూరు పెద్దమ్మ చెప్పిన దూప మాటే ఇది, సూత్రంలో కూర్చుంది. నల్లరేగడి సాగు పొలానికి 85 అంకె తీసుకుని 50 మి.మీ. వానకు లెక్క వేశాను. పొడి స్థితిలో పారేది 3 మి.మీ. నానిన స్థితిలో 34 మి.మీ. హెక్టారుకు 30 వేల లీటర్లు ఎక్కడ, 3 లక్షల 40 వేల లీటర్లు ఎక్కడ!

ఒక నేల మందు ఇంకో నేలకు పనిచేయదు

ఈ సంగతులు తెలిసీ చాలాచోట్ల పనులు ఒకే నమూనాలో జరగడం నన్ను బాధపెడుతుంది. అన్ని ఊళ్లకూ ఒకే కొలతల పంట కుంట, ఒకే తీరు గట్లు. నేలను అడగకుండా వేసిన నమూనా అది.

రేగడిలో సమస్య కాలం మధ్యలో, చివర్లో వచ్చే వరద. పైరు నీట మునగకుండా దాన్ని మెల్లగా బయటికి నడిపి, పట్టి దాచుకోవాలి. ఇక్రిశాట్ ఇందుకు మీటరు వెడల్పు ఎత్తుమడి, పక్కన అరమీటరు కాలువ ఉండే పద్ధతిని రూపొందించింది. గడ్డి పెంచిన దారి గుండా నీరు కుంటకు చేరుతుంది. 1976 నుంచి అక్కడ ఒక రేగడి పరీవాహకంలో ఈ పద్ధతినీ, వానాకాలం పొలాన్ని ఖాళీగా వదిలే పాత పద్ధతినీ పక్కపక్కన నడిపి కొలిచారు. పాత పద్ధతిలో పడిన వానలో సుమారు నాలుగో వంతు పారిపోయింది, ఏటా హెక్టారుకు 6 టన్నులకు పైగా మట్టి కొట్టుకుపోయింది. కొత్త పద్ధతిలో పారింది సుమారు ఏడో వంతు, పోయిన మట్టి ఒకటిన్నర టన్నులు. దిగుబడి హెక్టారుకు సుమారు 1 టన్ను నుంచి 5 టన్నులకు పెరిగింది.

అదే ఎత్తుమడులను ఎర్రనేలలో వేసి చూస్తే చదును సాగు కన్నా వరద తగ్గకపోగా పెరిగింది. పెచ్చు కట్టే నేలలో మడి వాలు నీటిని ఇంకా తొందరగా జారవిడుస్తుంది. చెలకకు కావాల్సింది వేరు. వేసవి జల్లులకే వాలుకు అడ్డంగా దున్నాలి. వాన వెలిసి పదును రాగానే గుంటక తోలి పెచ్చు పగలగొట్టాలి. కంది కట్టె, మొక్కజొన్న చొప్ప, ఆకు ఏదో ఒకటి నేల మీద పరిచి చినుకు దెబ్బను ఆపాలి. చెరువు పూడిక మట్టి, పశువుల ఎరువు తోలితే గడ్డ కట్టే గుణం పెరుగుతుంది.

పంట కుంటల సంగతీ అంతే. రేగడిలో తవ్విన కుంటలో నీళ్లు నిలుస్తాయి, అడుగున ప్లాస్టిక్ షీటు అక్కర్లేదు. అయితే అది సెప్టెంబరులో నిండుతుందని గుర్తుంచుకుని రబీ తడికి ప్రణాళిక వేసుకోవాలి. చెలకలో కింద మొరం ఉంటే నీరు రోజుల్లో దిగిపోతుంది. అక్కడ నీళ్లు నిలవాలంటే షీటు వేయాలి. వేయకపోతే దాన్ని బోర్లకు ఊటనిచ్చే కుంటగానే లెక్కపెట్టాలి. శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో 1999 నుంచి ఊరివాళ్లు, ప్రభుత్వం, శాస్త్రవేత్తలు కలిసి చేసిన వాటర్‌షెడ్ పని పేరు తెచ్చుకుంది. నేలను చూసి పని ఎంచుకుంటే ఏం సాధ్యమో ఆ ఊరు చూపించింది.

కట్ట మీద నిఘా ఎప్పుడు?

జూన్‌లో నాలుగంగుళాల వాన పడితే ఊరు సంబరపడుతుంది. స్ట్రేంజ్ లెక్కలో పొడి నేల నుంచి అందులో 30 శాతమే వస్తుంది. వారం రోజులు ముసురు పట్టిన తర్వాత అదే వాన పడితే 70 శాతం కట్ట మీదికి వస్తుంది, అదీ అప్పటికే నిండిన చెరువులోకి. పైచెరువు మత్తడి నీళ్లు కింది చెరువులోకి దిగే గొలుసు చెరువుల్లో ఇది ఒకదాని మీద ఒకటి పడుతుంది. రాత్రి కట్ట మీద మనిషి ఉండాల్సింది, మత్తడి ముందు పెరిగిన తుమ్మ కంపను కొట్టేయాల్సింది, ఇసుక బస్తాలు సిద్ధంగా పెట్టాల్సింది వాన అంకె పెద్దగా ఉన్న రోజున మాత్రమే కాదు. నేల నాని ఉన్న ప్రతి రోజునా. రేగడి పరీవాహకమైతే మరీ.

వాన పక్కన ఇంకో మాట రాద్దాం

తెలంగాణలో ఇప్పుడు మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. వాన అంకె ఫోనులోనే దొరుకుతుంది. దొరకనిది నేల స్థితి. దాన్ని ఊళ్లోనే రాసుకోవచ్చు.

చెరువు పైనున్న పొలాల్లో రెండు మూడు చోట్లు ఎంచుకోండి, ప్రతి రకం నేలలో ఒకటి. వానాకాలంలో వారానికోసారి అక్కడ జానెడు లోతు తవ్వి పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. వేళ్ల సందుల్లోంచి రాలిపోతే "పొడి" అని రాయండి. ముద్ద కట్టి, వేలితో నొక్కితే విరిగితే "పదును". ముద్ద చేతికంటుకుని అరచేయి తడిస్తే "నానింది". పక్కనే ఆ వారం వాన, చెరువు మట్టం రాయండి. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి మీ చెరువుకు మీ నేలతో తయారైన పట్టిక మీ దగ్గర ఉంటుంది. బొంబాయి ప్రెసిడెన్సీ కోసం వేసిన దానికన్నా అది మీ ఊరికి బాగా సరిపోతుంది.

ఊరి బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు సులువుగా చేయగల పని ఇది. సర్పంచులకు, రైతు సంఘాలకు, సైన్స్ మాస్టార్లకు నా విన్నపం: ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టండి. ఆ నోటుబుక్కు ఉన్న ఊళ్లో పంట కుంట ఎక్కడ తవ్వాలో వాదన ఉండదు, కట్ట మీద ఏ రాత్రి కాపలా కాయాలో ముందే తెలుస్తుంది.